పాఠ్యపథకం వెనుక ముగ్గురు పిల్లలు

మన పూర్వ విద్యార్థుల సంఘానికి యాభై ఏళ్లు నిండిన సందర్భంగా స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని కమిటీ మిత్రులు అడిగారు. బడి జ్ఞాపకాలు నాకన్నా బాగా రాసేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. నేను ముప్పై మూడేళ్లు లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. మన సంఘంలో ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నవాళ్లు, ఉండి విరమించినవాళ్లు, ఇప్పుడిప్పుడే బి.ఎడ్. చదువుతున్న పిల్లలున్న వాళ్లు తక్కువేమీ కాదు. మేమంతా శిక్షణ రోజుల్లో ఒక పేరు బట్టీపట్టాం. పరీక్షలో రాశాం. ఆ తర్వాత మరిచిపోయాం. ఆ పేరు హెర్బార్ట్. హెర్బార్ట్ సోపానాలు అంటే చాలు, ఏ బి.ఎడ్. వారైనా సన్నాహం, సమర్పణ, సంసర్గం, సాధారణీకరణం, అన్వయం, పునశ్చరణ అని గడగడా అప్పజెప్పేస్తారు. ఆ మనిషి ఎవరు, ఎక్కడివాడు, ఎందుకలా ఆలోచించాడు అని మాత్రం నేను ఉద్యోగంలో ఉన్నంతకాలం ఒక్కసారీ అడగలేదు. రిటైరయ్యాక తీరిక దొరికి చదివాను. చదివాక ఒక పాత తప్పు గుర్తుకొచ్చింది. ముందు అది చెప్పి, తర్వాత ఆయన కథ చెబుతాను.

శిక్షణలో ఉండగా ఒక పల్లెటూరి బడికి మమ్మల్ని బోధనాభ్యాసానికి పంపారు. ఆరో తరగతికి భిన్నాలు చెప్పాలి. లెసన్ ప్లాన్ రాత్రంతా కూర్చుని రాశాను. ఎడమవైపు ఉపాధ్యాయుని కృత్యం, కుడివైపు విద్యార్థి కృత్యం, ఎర్రసిరాతో గీతలు, చార్టు మీద ఆపిల్ పండు బొమ్మ. పూర్వజ్ఞానం పరీక్షించే ప్రశ్నగా, సగం అంటే ఏమిటని అడిగాను. పండును రెండు సమాన ముక్కలు చేస్తే ఒక ముక్క అని జవాబు రావాలి. అలాగే రాసిపెట్టుకున్నాను. వెనక బెంచీ కుర్రవాడొకడు లేచి, వాళ్ల నాన్న సగం పాలుకి పొలం చేస్తాడని, కళ్లంలో సగం ధాన్యం వాళ్లదేనని, కానీ విత్తనాల అప్పూ ఎరువుల అప్పూ ముందే కొలిచి తీసేస్తారు కాబట్టి ఇంటికొచ్చేది సగం కాదని చెప్పాడు. నా ప్లానులో ఆ జవాబు లేదు. కూర్చోమన్నాను. ముందు బెంచీ అమ్మాయిని అడిగితే ఆపిల్ జవాబు చెప్పింది. పాఠం సాఫీగా సాగింది. పర్యవేక్షకులు మెచ్చుకుని మంచి మార్కులు వేశారు. ఆ కుర్రవాడు మళ్లీ చెయ్యెత్తలేదు.

అది తప్పని నాకు తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. ఎందుకు తప్పో హెర్బార్ట్ జీవితం చదివాక తెలిసింది.

ఓల్డెన్‌బర్గ్ బాలుడు

యోహాన్ ఫ్రీడ్రిక్ హెర్బార్ట్ 1776 మే 4న ఉత్తర జర్మనీలోని ఓల్డెన్‌బర్గ్ పట్టణంలో పుట్టారు. తండ్రి న్యాయశాఖలో అధికారి, మితభాషి. తాత అదే ఊళ్లో ఉన్నత పాఠశాలకు అధిపతిగా పనిచేసినవారు. తల్లి వైద్యుని కూతురు, గట్టి పట్టుదల గల మనిషి. పసితనంలో పిల్లవాడు మరుగుతున్న నీళ్ల తొట్టిలో పడ్డాడు. ప్రాణం దక్కింది గానీ ఒంట్లో బలం చిక్కలేదు. అందుకని పన్నెండో ఏటి వరకు బడికి పంపకుండా ఇంట్లోనే చదివించారు. ఒక గురువును పెట్టారు. తల్లి పక్కనే కూర్చునేది. కొడుకు గ్రీకు నేర్చుకుంటుంటే తోడుగా ఉండాలని తానూ గ్రీకు నేర్చుకున్నదట. సంగీతం మీద ఆసక్తి చిన్ననాడే కలిగింది. పియానో బాగా వాయించేవారు. పెద్దయ్యాక ఒక సొనాటా రచించి అచ్చువేయించారు కూడా.

ఒంటరి పిల్లవాడికి ఒక్కడికోసమే సాగిన చదువు అది. ఎవరు ఎక్కడ ఆగిపోతున్నారో, ఎక్కడ కళ్లు మెరుస్తున్నాయో పక్కనున్న తల్లికి కనిపించే చదువు. ఆ తర్వాత ఆయన చెప్పిన సంగతులు చాలావరకు ఈ గదిలోంచే వచ్చాయని నాకు అనిపిస్తుంది.

ఊళ్లోని ఉన్నత పాఠశాలలో ఆరేళ్లు చదివి 1794లో యేనా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. తండ్రి కోరిక న్యాయశాస్త్రం. కొడుకు మనసు తత్త్వశాస్త్రం మీద. యేనాలో అప్పుడు ఫిఖ్టే అనే తత్త్వవేత్త పాఠాలకు విద్యార్థులు విరగబడి వచ్చేవారు. హెర్బార్ట్ కూడా విన్నారు. కొంతకాలం ఆ ప్రభావంలో ఉండి, తర్వాత గురువుతో ఏకీభవించలేక తన దారి తాను వెతుక్కున్నారు. పట్టా చేతికి రాకముందే 1797లో స్విట్జర్లాండ్ నుంచి ఒక పిలుపు వచ్చింది. ట్యూషన్ మాస్టారు ఉద్యోగం. ఆయనకు అప్పటికి ఇరవై ఒక్క ఏళ్లు.

ముగ్గురు అన్నదమ్ములు

ఇంటర్లాకెన్ ప్రాంతానికి పాలనాధికారిగా ఉన్న స్టైగర్ అనే పెద్దమనిషికి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు లూడ్విగ్‌కు పద్నాలుగేళ్లు, నడిమివాడు కార్ల్‌కు పది, చిన్నవాడు రుడాల్ఫ్‌కు ఎనిమిది. వాళ్లకు చదువు చెప్పాలి. తండ్రి ఒక షరతు పెట్టారు. రెండు నెలలకోసారి పిల్లల చదువు గురించి, నడవడి గురించి, గురువు అనుసరిస్తున్న పద్ధతి గురించి ఉత్తరం రూపంలో నివేదిక ఇవ్వాలి. ఈ కాలపు మాటల్లో చెప్పాలంటే హెడ్మాస్టరుకు చూపించే టీచింగ్ నోట్సు లాంటిది. మామూలు మాస్టారైతే ఇదో తలనొప్పి అనుకుని నాలుగు మంచిమాటలు రాసి పంపేవాడు. హెర్బార్ట్ అలా చేయలేదు. ఆ ఉత్తరాల్లో అయిదు మిగిలాయి. విద్యాశాస్త్రం చదివేవాళ్లు ఇవాళ్టికీ వాటిని చదువుతున్నారు.

ఆ ఉత్తరాల్లో మూడు రకాల పిల్లలు కనిపిస్తారు. ఇల్లొకటే, గురువొకడే, పుస్తకాలవే. అయినా ఒకడికి పనికొచ్చిన పాఠం ఇంకొకడికి పనికిరాలేదు. పెద్దవాడికి అప్పటికే అలవాట్లు గట్టిపడ్డాయి. వాడి చదువును తొలి మెట్టునుంచి మళ్లీ మొదలుపెట్టే వీలు లేదు. చిన్నవాళ్లతో మొదలుపెట్టవచ్చు. అందుకని చిన్నవాళ్లకు హోమర్ రాసిన ఒడిస్సీ కథతో గ్రీకు మొదలుపెట్టారు. ఆ రోజుల్లో బళ్లలో లాటిన్ వ్యాకరణంతో చదువు మొదలయ్యేది. పదేళ్లవాడికి విభక్తుల పట్టిక కంటే సముద్రాలు దాటి ఇల్లు చేరిన వీరుడి కథ నచ్చుతుందని, ఆ కథ కోసం భాషను కూడా ఇష్టంగా నేర్చుకుంటాడని ఆయన నమ్మకం. మన ఇళ్లల్లో నాయనమ్మ చెప్పిన రామాయణ భారత కథలతో తెలుగు నేర్చుకున్నవాళ్లకు ఈ కిటుకు వివరించక్కరలేదు. కథలతో పాటు గణితం, ప్రకృతి శాస్త్రం చెప్పేవారు.

ఇంతలో 1798లో ఫ్రెంచి సైన్యం స్విట్జర్లాండ్‌లో ప్రవేశించింది. పాత పాలన కూలిపోయింది. స్టైగర్ గారి అధికారం పోయింది. ఇల్లు అల్లకల్లోలమైంది. ఆ గొడవల్లోనూ యువ మాస్టారు పాఠాలు ఆపలేదు. 1800లో ఉద్యోగం వదిలి వచ్చేదాకా ఆ ముగ్గురే ఆయన ప్రయోగశాల. తర్వాత ఎన్ని పెద్ద గ్రంథాలు రాసినా, ఎన్ని పీఠాల మీద కూర్చున్నా, ఆయన చూసిన అసలు పిల్లలు వీళ్లు. నడిమివాడు కార్ల్‌తో ఉత్తర ప్రత్యుత్తరాలు తర్వాత కూడా సాగాయి. ఏ మాస్టారికైనా అంతకంటే పెద్ద జీతం ఏముంటుంది?

పెస్తలోజీ బడిలో ఒక సాయంత్రం

స్విట్జర్లాండ్‌లో ఉండగానే, 1799 ప్రాంతంలో, బుర్గ్‌డోర్ఫ్ అనే ఊళ్లో పెస్తలోజీని కలుసుకున్నారు. పేదపిల్లలకు కొత్త రకంగా చదువు చెబుతున్న పెస్తలోజీ పేరు అప్పుడప్పుడే వినిపిస్తున్నది. హెర్బార్ట్ వెళ్లింది బడి వేళ కాదు. సాయంత్రం పూట అయిదు నుంచి ఎనిమిదేళ్ల లోపు పిల్లల్ని ఓ పన్నెండు మందిని రమ్మని కబురు పెట్టారు. ఆటలు మాని రావలసి వచ్చింది కాబట్టి పిల్లలు ముఖాలు మాడ్చుకుని వస్తారేమో, అసలు బడి తీరు చూసే వీలుండదేమో అని హెర్బార్ట్ భయపడ్డారు. పిల్లలు మాత్రం హుషారుగా వచ్చారు. చివరిదాకా ఆ హుషారు తగ్గలేదు. అందరూ ఒక్క గొంతుతో మాటలు పలుకుతుంటే మొదట గోలగా అనిపించినా, అందులో ఒక లయ ఉందని గమనించారు. నోరు పలుకుతుంటే చేతులు పలకల మీద గీతలు గీస్తూ పనిలో ఉన్నాయి.

హెర్బార్ట్ మెచ్చుకున్నారు. కానీ మెచ్చుకుని ఊరుకోలేదు. పిల్లలు ఎందుకు సంతోషంగా ఉన్నారు, చూపు నుంచి మాటకు, మాట నుంచి ఆలోచనకు దారి ఎలా పడుతున్నది అని తర్కించారు. పెస్తలోజీ హృదయంతో పట్టుకున్నదాన్ని బుద్ధితో విడదీసి చూపించాలన్నది ఆయన తపన. 1802లో పెస్తలోజీ పద్ధతి మీద పుస్తకం రాశారు. చూడటం కూడా నేర్పవలసిన విద్యేనని, దానికి గణితం, అందులోనూ త్రిభుజాలు ఆధారమని అందులో వాదించారు. లెక్కల మాస్టారుగా నాకు ఇక్కడ కొంచెం గర్వం కలిగిందని ఒప్పుకోవాలి.

సిద్ధాంతానికీ తరగతి గదికీ మధ్య

స్విట్జర్లాండ్ నుంచి వచ్చాక రెండేళ్లు బ్రెమెన్‌లో స్నేహితుల దగ్గర గడిపి, 1802లో గోటింగెన్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొంది, అక్కడే పాఠాలు మొదలుపెట్టారు. విద్యాశాస్త్రం మీద ఇచ్చిన తొలి ఉపన్యాసాల్లోనే ఒక ముఖ్యమైన సంగతి చెప్పారు. సిద్ధాంతం అందరికీ కలిపి మాట్లాడుతుంది. తరగతి గదిలో ఎదురయ్యేది మాత్రం ఒక్కొక్క పిల్లవాడు, ఒక్కొక్క క్షణం. ఆ క్షణంలో పుస్తకం తిరగేసి చూసే వ్యవధి ఉండదు. అప్పటికప్పుడు సరైన పని చేయగలిగే నేర్పు మాస్టారికి ఉండాలి. ఆ నేర్పు రెండింటి వల్ల వస్తుంది. ముందుగా బాగా ఆలోచించి ఉండటం వల్ల, తర్వాత పనిలో దిగి చేయి తిరగడం వల్ల. ఆలోచన లేని అనుభవం ఎన్నేళ్లున్నా పాత దారినే తొక్కుతుంది. అనుభవం లేని ఆలోచన గుమ్మం దగ్గరే తడబడుతుంది.

నా మట్టుకు నాకు లెసన్ ప్లాన్ ఎందుకు అన్న ప్రశ్నకు ఇంతకంటే మంచి జవాబు ఎక్కడా కనబడలేదు. ప్లాన్ రాసేది దాన్ని చూసి చదవడానికి కాదు. అనుకోని జవాబు వచ్చినప్పుడు దాన్ని అందుకోగలిగేలా మన మనసును ముందే సిద్ధం చేసుకోవడానికి. పల్లెటూరి బడిలో ఆ రోజు నా చేతిలో ప్లాను ఉంది, ఆ నేర్పు మాత్రం లేదు.

నాలుగు మెట్లు

1806లో ఆయన ప్రధాన గ్రంథం వెలువడింది. సామాన్య విద్యాశాస్త్రం అని దాని పేరుకు అర్థం. నెపోలియన్ యుద్ధాలతో జర్మనీ అతలాకుతలమైన ఏడాది అది. పుస్తకాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. మన సోపానాల మూలం మాత్రం అందులోనే ఉంది.

ఆయన చెప్పింది ఇది. మనసు నేర్చుకునే తీరు ఊపిరి తీసినట్టు ఉంటుంది. ఒకసారి ఒక విషయంలో పూర్తిగా మునుగుతుంది. తర్వాత పైకి వచ్చి, చూసినవాటిని కూడగట్టుకుని తలపోస్తుంది. మునకా, తలపోతా రెండూ కావాలి. ఒకటే ఉంటే ఊపిరి ఆడదు. ఈ రెండింటినీ మళ్లీ రెండేసి దశలుగా చూస్తే నాలుగవుతాయి: స్పష్టత, సంసర్గం, వ్యవస్థ, పద్ధతి.

భిన్నాలతోనే చూద్దాం. ఒక చెరకు గడను రెండు సమాన ముక్కలు చేసి, ఇది సగం అని వేరే ఏ గొడవా లేకుండా చూపించడం స్పష్టత. అర గ్లాసు పాలు, అరెకరం పొలం, అరగంట, అర కిలో అని పిల్లలు తమకు తెలిసినవాటన్నిటినీ దీనికి ముడివేసుకోవడం సంసర్గం. ఇక్కడ మాస్టారు పిల్లల్ని స్వేచ్ఛగా మాట్లాడనివ్వాలని హెర్బార్ట్ అభిప్రాయం. పిల్లల నోటినుంచి వచ్చే మాటల్లోంచే మనసులోని ముడులు బయటపడతాయి. తర్వాత ఈ ఉదాహరణలన్నిటిలో ఉన్న ఒకే సంగతిని పైకి తీసి, లవం, హారం, మొత్తం అని వరసలో పెట్టడం వ్యవస్థ. చివరికి పిల్లవాడు తనంతట తాను కొత్త లెక్క చేసుకుని, తప్పులు తానే దిద్దుకోవడం పద్ధతి.

ఈ నాలుగింటికీ కింద ఒక పునాది ఉంది. దాన్ని ఆయన 1824, 1825 సంవత్సరాల్లో ప్రచురించిన మనస్తత్వశాస్త్ర గ్రంథంలో విపులంగా చెప్పారు. మనసుకు ఒక గడప ఉన్నదని ఆయన ఊహ. భావాలు ఆ గడప దాటి వెలుగులోకి వస్తుంటాయి, వేరేవి తోస్తే కిందికి జారుతుంటాయి. కొత్త భావం ఒకటి గుమ్మం దగ్గరికి వస్తే లోపలున్న పాత భావాలు దాన్ని గుర్తుపట్టి లోపలికి లాక్కోవాలి. ఊరికి కొత్తగా వచ్చిన చుట్టాన్ని ఇంట్లో ఎరిగినవాళ్లు ఉంటేనే కదా లోపలికి పిలుస్తారు! అందుకే పాఠానికి ముందు పిల్లవాడికి ఇప్పటికే ఏం తెలుసో మాస్టారు తెలుసుకోవాలి. పూర్వజ్ఞానం అని మనం లెసన్ ప్లానులో మొదటి గడి నింపుతామే, దాని అసలు అర్థం ఇది. భావాల తోపులాటకు ఆయన గణిత సూత్రాలు కూడా కట్టారు. ఆ సూత్రాలు తర్వాతి కాలంలో నిలవలేదు. తెలిసినదాని మీదే తెలియనిది నిలుస్తుందన్న మాట నిలిచింది.

ఇంకొక సంగతి. ఆసక్తి గురించి ఆయనకు ముందు చాలామంది మాట్లాడారు. పాఠం నేర్పడానికి ఆసక్తి ఒక ఎర అన్నట్టు మాట్లాడారు. హెర్బార్ట్ దాన్ని తిరగేశారు. ఆసక్తి పాఠానికి సాధనం కాదు, పాఠానికి ఫలం. బడి వదిలాక కూడా లోకంలోని నానా విషయాల మీద పిల్లవాడికి కుతూహలం మిగలాలి. మిగలకపోతే నేర్పిన పాఠాలు ఎన్నయినా వృథాయే. విసుగు పుట్టించడాన్ని బోధనలో అన్నిటికంటే పెద్ద నేరంగా లెక్కగట్టారు. క్రమశిక్షణకు కూడా ఆయన మొదటి మందు బెత్తం కాదు, చేతినిండా పని. పని ఉన్న పిల్లవాడు అల్లరి చేయడానికి తీరిక ఉండదని ఆయన ఉద్దేశం.

కాంట్ పీఠం, పక్కన ఒక చిన్న బడి

1809లో కోనిగ్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో తత్త్వశాస్త్ర పీఠం ఆయనకు దక్కింది. ఒకప్పుడు మహాతత్త్వవేత్త కాంట్ కూర్చున్న పీఠమది. ఆ ఊరు ఇప్పుడు రష్యాలో కాలినిన్‌గ్రాద్ పేరుతో ఉంది. అంతటి పీఠం దొరికిన పండితుడు ఇక గ్రంథాలు రాసుకుంటూ కూర్చోవచ్చు. హెర్బార్ట్ మాత్రం అక్కడ ఉపాధ్యాయుల కోసం ఒక శిక్షణ కేంద్రం, దానికి అనుబంధంగా పిల్లలున్న ఒక చిన్న బడి ప్రారంభించారు. కాబోయే మాస్టార్లు ఆ పిల్లలకు పాఠాలు చెప్పేవారు. తర్వాత కూర్చుని ఆ పాఠాల మంచిచెడ్డలు చర్చించేవారు. హెర్బార్ట్ స్వయంగా పిల్లలకు గణితం చెప్పేవారు. మన బి.ఎడ్. కాలేజీల పక్కన ఉండే మోడల్ స్కూలు, బోధనాభ్యాసం, పాఠం తర్వాత పర్యవేక్షకుల విమర్శ, ఇవన్నీ ఆ చిన్న బడికి దూరపు చుట్టాలు.

1811లో మేరీ డ్రేక్ అనే ఇంగ్లీషు యువతిని పెళ్లాడారు. ఆమెకు అప్పుడు పద్దెనిమిదేళ్లు. ఆ దంపతులకు పిల్లలు కలగలేదు. కోనిగ్స్‌బర్గ్‌లో ఇరవై నాలుగేళ్లు గడిచాయి.

ఆ కాలంలోనే ఆయన్ని వేధించిన చిక్కు ఒకటుంది. తాను నేర్చుకున్నది ముగ్గురు పిల్లల దగ్గర. బళ్లలో ఉండేది పదుల కొద్దీ పిల్లలు. తలకొక తీరు. పిల్లల బుద్ధుల్లోని ఈ తేడాయే బడి చదువుకు అన్నిటికంటే పెద్ద అడ్డంకి అని, దాన్ని లెక్కలోకి తీసుకోకుండా చేసే బడి చట్టాలు మొదట్లోనే తప్పుతాయని ఆయన గట్టిగా చెప్పారు. అందరినీ ఒకే అచ్చులో పోయాలని ఏనాడూ అనలేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. తర్వాత జరిగింది దీనికి సరిగ్గా వ్యతిరేకం.

చివరి ఏళ్లు

1831లో హేగెల్ మరణించాక బెర్లిన్‌లో ఆయన పీఠం తనకు వస్తుందని ఆశపడ్డారు. రాలేదు. 1833లో గోటింగెన్‌కు తిరిగి వెళ్లారు. ఆయన వదిలి వెళ్లాక కోనిగ్స్‌బర్గ్ శిక్షణ కేంద్రం నిలవలేదు. 1835లో తన విద్యాశాస్త్ర ఉపన్యాసాల సారాన్ని చిన్న పుస్తకంగా ప్రచురించారు. పాత గ్రంథం కంటే తేలిగ్గా చదువుకోగల పుస్తకం అది.

ఆయన జీవితంలో పొగడలేని ఘట్టం ఒకటి ఉంది. దాన్ని దాచకూడదు. 1837లో హనోవర్ రాజు దేశపు రాజ్యాంగాన్ని రద్దు చేశాడు. గోటింగెన్ ఆచార్యులు ఏడుగురు, అందులో జానపద కథలు సేకరించిన గ్రిమ్ సోదరులు ఇద్దరూ ఉన్నారు, ఇది అన్యాయమని నిరసన తెలిపి ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. హెర్బార్ట్ అప్పుడు తత్త్వశాస్త్ర విభాగానికి డీన్. ఆయన ఆ ఏడుగురి పక్కన నిలబడలేదు. విశ్వవిద్యాలయం రాజకీయాల్లో తలదూర్చకూడదన్నది ఆయన అభిప్రాయం. శీలాన్ని తీర్చిదిద్దడమే చదువు పరమార్థమని జీవితమంతా చెప్పిన మనిషి, శీలానికి పరీక్ష వచ్చిన రోజున మౌనం వహించారని చాలామందికి కష్టం తోచింది. ఆ విమర్శ ఆయన్ని వదల్లేదు. 1841 ఆగస్టు 14న పక్షవాతంతో గోటింగెన్‌లో కన్నుమూశారు. వయసు అరవై అయిదు. చివరి రోజుల దాకా పాఠాలు చెబుతూనే ఉన్నారు.

అచ్చులో పోసిన శిష్యులు

ఆయన పోయేనాటికి విద్యాశాస్త్రవేత్తగా పేరు అంతంత మాత్రం. పేరు తెచ్చింది తర్వాతి తరం. లైప్‌జిగ్‌లో జిల్లర్ అనే ఆచార్యుడు హెర్బార్ట్ పుస్తకాలను బయటికి తీసి, నాలుగు మెట్లలో మొదటిదాన్ని రెండుగా విడదీసి అయిదు చేశాడు. ఆయన శిష్యుడు రైన్ యేనాలో ఉపాధ్యాయ శిక్షణ నడుపుతూ, ఆ అయిదింటికీ మాస్టార్లకు నోరు తిరిగే పేర్లు పెట్టాడు. సన్నాహం, సమర్పణ మొదలైన పేర్లు అలా వచ్చాయి. జర్మనీలో చదువుకోవడానికి వచ్చిన డి గార్మో, మెక్‌మరీ సోదరులు వాటిని అమెరికాకు తీసుకెళ్లారు. 1895లో అక్కడ హెర్బార్ట్ పేరిట జాతీయ సంఘమే వెలసింది. ఇంగ్లండ్ శిక్షణ కళాశాలలు కూడా ఈ మెట్లను అందిపుచ్చుకున్నాయి. ఇంగ్లీషువాళ్ల ట్రైనింగ్ కాలేజీల ద్వారా అవి మన దేశానికి, మన ఊళ్లకు, మన లెసన్ ప్లాన్ రికార్డుల్లోకి వచ్చి చేరాయి.

మేలు జరగలేదని అనను. శిక్షణ లేని కొత్త మాస్టారికి ఒక వరస దొరికింది. బట్టీయం తప్ప వేరే తెలియని తరగతి గదుల్లోకి ప్రశ్న వచ్చింది, ఉదాహరణ వచ్చింది. కానీ వెంటనే చెడు కూడా జరిగింది. వారాల తరబడి నడిచే ఒక పెద్ద పాఠ్యాంశానికి హెర్బార్ట్ ఉద్దేశించిన మెట్లను నలభై అయిదు నిమిషాల పీరియడులో కుక్కారు. కవిత్వానికైనా, కూడికకైనా, వానపాముకైనా అవే మెట్లు. పిల్లవాడి మనసు ఎలా కదులుతుందో చెప్పిన మాట, మాస్టారు ఎలా కదలాలో చెప్పే ఉత్తర్వుగా మారింది. డ్యూయీ వంటివారు ఈ యాంత్రికతను తప్పుబట్టి, పిల్లవాడు తానే ప్రశ్న వేసుకోవాలని వాదించారు. ఆ తర్వాత 1956లో బ్లూమ్ లక్ష్యాల వర్గీకరణ వచ్చింది. మన ప్లానుల్లో లక్ష్యాలు, స్పష్టీకరణలు అనే గడులు చేరాయి. ఇప్పుడు నమూనా మళ్లీ మారింది. గడులు మారుతూనే ఉంటాయి. పాత సీనియర్ రికార్డు చూసి ఎత్తిరాసే అలవాటు మాత్రం మారలేదు. నేను కూడా ఎత్తిరాసినవాణ్ణే.

మళ్లీ ఆ కుర్రవాడి దగ్గరికి

ఇప్పుడు ఆ వెనక బెంచీ కుర్రవాడి సంగతి. వాడు ఏం చెప్పాడు? సగం అన్నారు గానీ ఇంటికొచ్చేది సగం కాదన్నాడు. అంటే సగం అనే మాటకు ముందు, దేనిలో సగం అని అడగాలని చెప్పాడు. అప్పు తీసేయకముందు ఉన్న రాశిలో సగమా, తీసేసిన తర్వాత మిగిలిన రాశిలో సగమా? భిన్నాల పాఠంలో ఇంతకంటే లోతైన సంగతి లేదు. పదో తరగతి పిల్లలు కూడా లాభశాతం లెక్కల్లో తప్పుచేసేది అక్కడే. కొన్నవెల మీద శాతమా, అమ్మినవెల మీద శాతమా అన్నచోట. ముప్పై మూడేళ్లు నేను మళ్లీ మళ్లీ చెప్పి విసిగిపోయిన విషయాన్ని వాడు పదకొండేళ్లకే కళ్లంలో నేర్చుకుని బడికి తెచ్చాడు. గుమ్మం దగ్గర నిలబడ్డది పిల్లవాడు కాదు, నేనే. లోపలికి పిలిచింది వాడు. నేను వెళ్లలేదు.

హెర్బార్ట్ తన మెట్లకు సంసర్గం అని పేరుపెట్టినచోట పిల్లల్ని స్వేచ్ఛగా మాట్లాడనివ్వమన్నది ఇందుకే. నా ప్లానులో ఆ గడి ఉంది. అందులో నేను రాసిన జవాబే వినడానికి సిద్ధపడ్డాను. చదివి తెలుసుకున్నాక నాకు తోచిన మూడు పనులు చిన్నవాళ్ల కోసం ఇక్కడ రాస్తున్నాను. ప్లానులో పూర్వజ్ఞానం దగ్గర మీ ప్రశ్న ఒకటి రాయండి, కానీ జవాబు రాయకండి. పక్కన కొంచెం ఖాళీ వదలండి. తరగతి అయ్యాక పిల్లలు నిజంగా ఏమన్నారో ఆ ఖాళీలో రాయండి. రెండు నెలలకోసారి ఆ ఖాళీలన్నీ చదివి, ముగ్గురు పిల్లల్ని ఎంచుకుని, ఒక్కొక్కరి గురించి అర పేజీ రాయండి. ఎవరికీ చూపించక్కరలేదు. అరవై మంది ఉన్న తరగతిలో అందరి గురించీ రాయడం ఎవరివల్లా కాదు. ముగ్గురి గురించి రాయడం మాత్రం ఇరవై ఒక్క ఏళ్ల ట్యూషన్ మాస్టారికి సాధ్యమైంది. మనకూ సాధ్యమవుతుంది.

మన బడిలో మనకు పాఠాలు చెప్పిన పెద్దల్లో చాలామంది హెర్బార్ట్ పేరు ఎత్తి ఉండరు. అయినా మనలో ఎవరెవరు ఏ ఇంటి నుంచి వస్తున్నామో, ఎవరు పొద్దున తినకుండా వచ్చామో, ఎవరికి ఏ లెక్క ఎక్కడ చిక్కుపడుతుందో వాళ్లకు తెలిసేది. యాభై ఏళ్ల తర్వాత మనం గుర్తుచేసుకుంటున్నది వాళ్ల నోట్సులను కాదు, ఆ ఎరుకను. వేదిక మీద వాళ్లకు శాలువా కప్పేటప్పుడు ఆ మాట కూడా చెబితే బాగుంటుంది.

ఆ పల్లెటూరి కుర్రవాడు ఇప్పుడు ఎక్కడున్నాడో నాకు తెలియదు. ఏభై దాటి ఉంటాడు. ఏ ఊళ్లోనో పొలం చేస్తున్నాడో, ఏ ఆఫీసులో లెక్కలు చూస్తున్నాడో. కనబడితే ఆ రోజు కూర్చోమన్నందుకు క్షమించమని అడిగి, మిగతా లెక్క చెప్పమంటాను.